కోత తరువాత: నారాయణఖేడ్ ప్రాంతంలో పంట నిల్వ చరిత్ర

7.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• పాతర, గుమ్మి, గాదె వంటి సంప్రదాయ నిల్వ పద్ధతులు ఏ సూత్రంపై పనిచేశాయో వివరించగలుగుతారు.
• నిల్వ చేసే శక్తికి, గ్రామంలోని అధికారానికి మధ్య ఉన్న సంబంధాన్ని విశ్లేషించగలుగుతారు.
• 1930 నుంచి నేటి వరకు మార్కెట్, గిడ్డంగి చట్టాల క్రమాన్ని తెలుపగలుగుతారు.
• ధాన్యం నిల్వకు, పండ్ల నిల్వకు గల తేడాను, ఆ తేడా రైతు ఆదాయంపై చూపే ప్రభావాన్ని చర్చించగలుగుతారు.

7.1 పరిచయం

వ్యవసాయ చరిత్రను చదివేటప్పుడు మనం సాధారణంగా భూమి, నీరు, శిస్తు, పంట అనే నాలుగు విషయాలపై దృష్టి పెడతాం. పంట చేతికి వచ్చిన తరువాత ఏమైంది అన్న ప్రశ్నను చాలావరకు వదిలేస్తాం. అయితే రైతు లాభనష్టాలు కల్లంలో కుప్ప నూర్చిన రోజున తేలవు. ఆ పంట ఎన్ని రోజులు చెడకుండా నిలుస్తుంది, ఎవరి ఇంట్లో నిలుస్తుంది, ఎప్పుడు అమ్ముడుపోతుంది అనే వాటిని బట్టి తేలుతాయి. నిల్వ చేయగలిగినవాడు ధర కోసం ఎదురుచూడగలడు. నిల్వ చేయలేనివాడు ఆ రోజు ఎంత ధర పలికితే అంతకు అమ్ముకోవాలి. ఈ భాగంలో మనం గుర్తుంచుకోవలసిన ముఖ్యాంశం ఇదే.

ఈ అంశాన్ని పరిశీలించడానికి నారాయణఖేడ్ ప్రాంతాన్ని ఉదాహరణగా తీసుకుందాం. నారాయణఖేడ్ ఇప్పుడు సంగారెడ్డి జిల్లాలో ఒక రెవెన్యూ డివిజన్ కేంద్రం. 2016లో జిల్లాల పునర్వ్యవస్థీకరణకు ముందు ఇది మెదక్ జిల్లాలో ఉండేది. అంతకుముందు, హైదరాబాద్ రాజ్యంలో, నారాయణఖేడ్ తాలూకా బీదర్ జిల్లాలో భాగం. 1956లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ సమయంలో బీదర్ జిల్లా మైసూరు రాష్ట్రానికి వెళ్లగా, నారాయణఖేడ్, జహీరాబాద్ ప్రాంతాలు మెదక్ జిల్లాలో చేరాయి. అందుకే ఇక్కడి వ్యవసాయ పదజాలంలో తెలుగుతో పాటు కన్నడం, మరాఠీ, ఉర్దూ కలిసిపోయి కనిపిస్తాయి. వర్షాధార భూములు, జొన్న, కంది, పెసర, మినుము పంటలు, హైదరాబాదుకు వంద కిలోమీటర్లకు పైగా దూరం: ఈ మూడూ కలిసి ఇక్కడ నిల్వను ఒక జీవన సమస్యగా మార్చాయి.

7.2 పాతర: భూమిలో దాచిన కాలం

వర్షాధార ప్రాంతంలో పంట ప్రతి ఏటా ఒకేలా పండదు. మంచి ఏడాది గింజ చెడ్డ ఏడాదికి మిగలాలి. ఈ అవసరం నుంచే దక్కన్‌లో భూగర్భ ధాన్యాగారాలు పుట్టాయి. తెలుగులో దీనిని పాతర అంటారు. కన్నడంలో హగేవు, మరాఠీలో పేవ్ అంటారు. మూడు భాషల సరిహద్దులో ఉన్న నారాయణఖేడ్ వంటి చోట ఒకే గుంతకు మూడు పేర్లు ఉండడం, ఈ పద్ధతి భాషల హద్దులు దాటి వ్యాపించిందని మనకు చెబుతుంది.

పాతర తవ్వడానికి స్థలం ఎంపిక ముఖ్యం. నల్లరేగడి నీటిని పట్టుకుంటుంది. కనుక ఎత్తైన చోట, గట్టి మొరం నేలలో తవ్వేవారు. నోరు ఇరుకుగా, కడుపు వెడల్పుగా ఉండేది. లోపల మంట వేసి గోడలను ఆరబెట్టి, అడుగున, చుట్టూ గడ్డి పరిచి, బాగా ఎండిన జొన్నలు నింపేవారు. పైన మళ్లీ గడ్డి వేసి, మట్టితో మూసి, వాన నీరు నిలవకుండా దిబ్బలా కప్పేవారు.

ఇది ఎలా పనిచేసిందో గమనించండి. గింజ చనిపోయిన వస్తువు కాదు, అది శ్వాసిస్తుంది. గింజతో పాటు లోపల చిక్కిన పురుగులు కూడా శ్వాసిస్తాయి. మూసిన గుంతలో ప్రాణవాయువు తగ్గి, బొగ్గుపులుసు వాయువు పెరుగుతుంది. కొంతకాలానికి పురుగు బతకలేని స్థితి వస్తుంది. అందుకే పాతర తెరిచిన వెంటనే లోపలికి దిగడం ప్రాణాపాయం. మూత తీసి గాలి ఆడనిచ్చి, దీపాన్ని లోపలికి దించి, అది ఆరకుండా ఉంటేనే మనిషి దిగేవాడు. రసాయన శాస్త్రం చదవని రైతు దీపంతో చేసిన పరీక్ష ఇది. నేడు మార్కెట్లో దొరికే గాలి చొరబడని ధాన్యపు సంచులు కూడా ఇదే సూత్రంపై పనిచేస్తాయి.

పాతరకు లోపాలు లేకపోలేదు. గోడలకు ఆనుకున్న గింజ తేమ తగిలి ముక్కిపోతుంది, రంగు మారుతుంది, వాసన వస్తుంది. మొలకెత్తే శక్తి తగ్గుతుంది. కాబట్టి తిండిగింజ పాతరలో ఉన్నా, విత్తనం మాత్రం ఇంట్లోనే వేరుగా ఉండేది.

7.3 ఇంటి నిల్వ: గుమ్మి, గాదె, విత్తన బుట్ట

ఇంటి అవసరాలకు వెదురు బద్దలతో అల్లి, పేడ, మట్టి కలిపి అలికిన గుమ్మి ఉండేది. కలిగిన ఇళ్లలో కొయ్య గాదెలు, గరిసెలు ఉండేవి. నేల చెమ్మ తగలకుండా వీటిని రాళ్లపైనో, కొయ్య దిమ్మెలపైనో నిలబెట్టేవారు.

పప్పుధాన్యాల సమస్య వేరు. కంది, పెసరలను పుచ్చు పురుగు చేలో ఉండగానే పట్టి, గుడ్లతో సహా ఇంటికి వస్తుంది. దీనికి రెండు విరుగుడులు వాడుకలో ఉన్నాయి. ఒకటి, విత్తనపు గింజకు బూడిద లేదా ఎర్రమన్ను పట్టించడం, వేపాకు కలపడం. సన్నని పొడి గింజల మధ్య సందులను నింపి పురుగు కదలికను అడ్డుకుంటుంది, దాని ఒంటిపై పొరను గీరి తేమను పోగొడుతుంది. రెండవది, తిండికి ఉంచుకునే కందులను త్వరగా పప్పు చేయడం. పొట్టుతో ఉన్న నిండు గింజపై గుడ్లు పెట్టే ఈ పురుగు, బద్దలైన పప్పుపై అంతగా వృద్ధి చెందదు.

ఈ పనులన్నీ ఎక్కువగా స్త్రీల చేతుల్లో ఉండేవని మీరు గమనించాలి. పన్ను లెక్కల్లో, భూమి పత్రాల్లో కనిపించని స్త్రీ శ్రమ ఇక్కడ కనిపిస్తుంది. పొరుగున ఉన్న జహీరాబాద్ ప్రాంతంలో 1983 నుంచి పనిచేస్తున్న దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీలో దళిత స్త్రీల సంఘాలు ఈ జ్ఞానాన్నే ఆధారం చేసుకొని విత్తన నిధులను నడిపాయి. 1990వ దశకంలో ఇదే సంఘాలు బీడు భూములను సాగులోకి తెచ్చి, పండిన జొన్నలో కొంత భాగాన్ని గ్రామంలోనే నిల్వ చేసి, పేద కుటుంబాలకు తక్కువ ధరకు పంచాయి. బయటి గోధుమ, బియ్యంపై ఆధారపడకుండా ఊరి గింజను ఊరిలోనే ఉంచే ప్రయత్నం ఇది. ఈ సంస్థకు 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ బహుమతి లభించింది.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 1
అ) పాతరలో పురుగు ఎందుకు బతకదు?
ఆ) తిండిగింజను, విత్తనాన్ని వేర్వేరుగా నిల్వ చేయడానికి కారణమేమిటి?

7.4 ఎవరి గాదె? నిల్వ, అధికారం

నిల్వ రాజ్యానికి కూడా పాత విషయమే. మౌర్యుల కాలానికి చెందినదిగా భావించే సోహ్‌గౌరా రాగిరేకు రెండు ధాన్యాగారాలను పేర్కొంటుంది. కౌటిల్యుని అర్థశాస్త్రం కోష్ఠాగారంలోని సరుకులో సగం ఆపత్కాలానికి ఉంచి, మిగిలిన సగం వాడాలని, పాతదాని స్థానంలో కొత్తది నింపుతూ ఉండాలని చెబుతుంది. పాత గింజ ముందు బయటికి రావాలన్న నేటి గిడ్డంగి నియమం అప్పటికే ఉందన్నమాట.

గ్రామంలో మాత్రం పెద్ద పాతరలు పెద్ద కమతాలు ఉన్నవారివి. చిన్న రైతు కోత సమయంలో శిస్తు, అప్పు రెండూ తీర్చాలి. అందువల్ల ధర తక్కువగా ఉన్న కాలంలోనే గింజ అమ్ముకునేవాడు. ఎండాకాలానికి అతని గుమ్మి ఖాళీ అయ్యేది. అప్పుడు అదే గింజను ఎక్కువ ధరకు కొనడమో, నాగుకు తెచ్చుకోవడమో జరిగేది. నాగు అంటే తీసుకున్న గింజకు వడ్డీగా మళ్లీ గింజనే కలిపి కొత్త పంటకు తిరిగి ఇవ్వడం. ఒకే జొన్న అతని కల్లం నుంచి తక్కువ ధరకు వెళ్లి, అతని ఇంటికి అప్పుగా తిరిగి వచ్చేది.

రైలు మార్గాలు ఈ పరిస్థితిని మరింత మార్చాయి. 1874లో వాడి–సికింద్రాబాద్ మార్గం ప్రారంభమైంది. రైలుతో ధాన్యం కరువు ప్రాంతానికి చేరే వీలు కలిగింది. అయితే అదే రైలు ఎక్కువ ధర ఉన్న చోటికి గ్రామం నుంచి ధాన్యాన్ని తీసుకుపోగలదు కూడా. ధాన్యం బయట అమ్ముకునే వీలు పెరిగిన కొద్దీ రైతు ఇంట్లో ఏళ్ల తరబడి ఉంచే నిల్వ తగ్గిందని ఆర్థిక చరిత్రకారులు కొందరు వాదించారు. 1876–78 మహాక్షామం దక్కన్‌ను కుదిపినప్పుడు ఈ రెండు ముఖాలూ బయటపడ్డాయి.

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో హైదరాబాద్ ప్రభుత్వం రైతుల నుంచి లెవీ ధాన్యాన్ని నిర్బంధంగా సేకరించింది. భారం చిన్న రైతుపై పడిందని, పెద్దల నిల్వలు తప్పించుకున్నాయని వచ్చిన ఆగ్రహం తెలంగాణ రైతాంగ పోరాటానికి ఒక కారణమైంది. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ పొలం కథను మీరు వినే ఉంటారు. దేశ్‌ముఖ్ మనుషులు పంటను స్వాధీనం చేసుకోవడానికి రాగా, సంఘం కార్యకర్తలు వారిని అడ్డుకొని ధాన్యాన్ని ఐలమ్మ ఇంటికి చేర్చారు. ఆ పోరాటం భూమి కోసమే కాక, కోసిన పంట ఎవరి ఇంటికి చేరాలన్న ప్రశ్నపై కూడా జరిగిందని గుర్తించండి.

7.5 చట్టం, మార్కెట్, గిడ్డంగి

హైదరాబాద్ రాజ్యంలో వ్యవసాయ మార్కెట్ల చట్టం 1339 ఫసలీలో, అంటే 1930లో వచ్చింది. తూకంలో మోసాన్ని, అడ్డగోలు కోతలను అరికట్టి, అమ్మకాన్ని ఒక యార్డులోకి తీసుకురావడం దాని ఉద్దేశం. అయితే తూకం సరిగా ఉన్నా, అదే రోజున అమ్మక తప్పని రైతుకు బేరమాడే బలం ఉండదు.

స్వాతంత్ర్యం తరువాత అఖిల భారత గ్రామీణ రుణ పరిశీలన సంఘం 1954లో ఇచ్చిన నివేదిక రుణాన్ని, గిడ్డంగిని కలిపి చూసింది. దాని ఫలితంగా 1956లో గిడ్డంగుల సంస్థల చట్టం వచ్చింది. 1957లో కేంద్ర గిడ్డంగుల సంస్థ, 1958లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర గిడ్డంగుల సంస్థ ఏర్పడ్డాయి. 1965లో భారత ఆహార సంస్థ పని ప్రారంభించింది. రైతు సరుకును గిడ్డంగిలో పెట్టి, రసీదు తీసుకొని, ఆ రసీదుపై రుణం పొందగలగాలి అన్నది ఆలోచన. మార్కెట్ కమిటీల గిడ్డంగుల్లో సరుకు ఉంచి దాని విలువపై రుణం ఇచ్చే పథకానికి రైతుబంధు అనే పేరే ఉండేది. 2018లో వచ్చిన పెట్టుబడి సాయ పథకంతో దీనిని కలిపి తికమక పడకండి. 2007లో వచ్చిన గిడ్డంగుల (అభివృద్ధి, నియంత్రణ) చట్టం గిడ్డంగి రసీదును చేతులు మారగల పత్రంగా గుర్తించింది.

చట్టం కాగితంపై ఉన్నంత మాత్రాన రైతుకు అందదు. గిడ్డంగి ఊరికి దూరంగా ఉంటే రవాణా ఖర్చు మీద పడుతుంది. తేమ 12–13 శాతానికి మించితే గింజ బూజు పడుతుంది, కనుక గిడ్డంగి దానిని తీసుకోదు. ఐదు బస్తాల రైతుకు ఈ రెండూ అడ్డంకులే.

7.6 ఆగని పండు: మామిడి

ఇప్పటివరకు చూసినది ఆగగల పంట. ఇక ఆగలేని పంటను చూద్దాం. జొన్న ఏళ్ల తరబడి ఉంటుంది. మాగిన మామిడి కొన్ని రోజులే. సంగారెడ్డిలోని ఫల పరిశోధనా కేంద్రం మామిడి పరిశోధనకు పేరు పొందింది. రుమాని, నీలం రకాల సంకరంగా వచ్చిన మంజీర అనే మామిడి ఇక్కడిదే. ఈ జిల్లా తోటల కాయ హైదరాబాద్ పండ్ల మార్కెట్‌కు చేరుతుంది. 1935లో నిర్మించిన మొజంజాహీ మార్కెట్ ఒకప్పుడు పండ్లకు కేంద్రం. 1980వ దశకంలో ఆ వ్యాపారం గడ్డిఅన్నారానికి, ఇటీవలి సంవత్సరాల్లో బాటసింగారానికి మారింది.

పండును నిలపాలన్న కోరిక కొత్తది కాదు. అక్బరు ఆస్థానంలోని అబుల్ ఫజల్ తన ఐన్-ఇ-అక్బరీలో ఒక పద్ధతిని నమోదు చేశాడు. సగం పండిన మామిడిని రెండు వేళ్ల పొడవు తొడిమతో కోసి, తొడిమ చివరను వెచ్చని మైనంతో మూసి, నేతిలో లేదా తేనెలో ఉంచితే రెండు మూడు నెలలు రుచి నిలుస్తుందట. ఇది రాజుల వంటశాలకు సాధ్యం, రైతుకు కాదు. కానీ ఇందులోని పరిశీలన నిజమైనది. ముచ్చిక దగ్గర తెగిన చోటు నుంచే కుళ్లు మొదలవుతుంది. నేటి నిపుణులు కూడా కాయను చిక్కంతో, తొడిమతో సహా కోయమని, తరువాత తొడిమ కత్తిరించి సొన కారిపోయేలా బోర్లించమని చెబుతారు. సొన తోలుపై పడితే నల్లని మచ్చ పడి ధర తగ్గుతుంది.

రైతు పద్ధతి వరిగడ్డిలో మాగబెట్టడం. గడ్డి వెచ్చదనాన్ని పట్టి ఉంచుతుంది. ఒక పండు మాగితే పక్క కాయలు త్వరపడతాయని ప్రతి ఇంట్లోనూ తెలుసు. దీనికి కారణాన్ని శాస్త్రం ఆలస్యంగా కనిపెట్టింది. 1920వ దశకంలో కేంబ్రిడ్జిలో కిడ్, వెస్ట్ అనే శాస్త్రవేత్తలు ఆపిల్ పండ్లు పక్వానికి వచ్చేటప్పుడు శ్వాసక్రియ ఒక్కసారిగా పెరుగుతుందని చూపారు. 1934లో గేన్, పండ్లు తామే ఇథిలీన్ వాయువును విడుదల చేస్తాయని నిరూపించాడు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో జేకబ్ బియాలే ఇదే శ్వాస పెరుగుదలను అవకాడోలో వివరంగా పరిశీలించాడు.

నేడు నగరాల పండ్ల దుకాణాల్లో కనిపించే అవకాడోకు, మన మామిడికి ఈ విషయంలో పోలిక ఉంది. రెండూ కోసిన తరువాత మాగుతాయి. అవకాడో అయితే చెట్టున ఉన్నంతకాలం మెత్తబడనే మెత్తబడదు. రెండింటికీ అతి చలి పడదు. మామిడిని సుమారు 13 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచితే రెండు మూడు వారాలు నిలుస్తుంది. అంతకంటే బాగా చల్లబరిస్తే తోలు బూడిద రంగుకు తిరిగి గుంటలు పడుతుంది, బయటికి తీసిన తరువాత సరిగా మాగదు. పచ్చి అవకాడోకు చలి ఎక్కువైతే లోపలి గుజ్జు నల్లబడుతుంది. సీతాఫలం కూడా చలికి తోలు నల్లబడే పండే. చల్లదనం ఎంత ఎక్కువైతే అంత మంచిదన్న నమ్మకం పండ్ల విషయంలో తప్పు. బంగాళాదుంపకు కట్టిన శీతల గిడ్డంగి గది మామిడికి పనికిరాకపోవడానికి కారణం ఇదే.

7.7 కార్బైడ్: తొందర ఖరీదు

సీజను మొదట్లో వచ్చిన కాయకు ధర ఎక్కువ. ఆ ధర కోసం ముదరని కాయను కోసి, దూర మార్కెట్‌కు పంపి, రెండు మూడు రోజుల్లో రంగు తెప్పించాలన్న ఒత్తిడి పుట్టింది. కాల్షియం కార్బైడ్ ఈ ఒత్తిడికి దొరికిన చవక మార్గం. అది తేమ తగలగానే ఎసిటిలీన్ వాయువును విడుదల చేస్తుంది. ఆ వాయువు ఇథిలీన్‌లా పనిచేసి తోలుకు పసుపు రంగు తెస్తుంది. కాయ ముదరనిదైతే లోపల పులుపు అలాగే ఉంటుంది. పైగా పారిశ్రామిక కార్బైడ్‌లో ఆర్సెనిక్, భాస్వరపు మలినాలు ఉంటాయి. వాటి ప్రమాదం తినేవారికే కాదు, రోజంతా దాన్ని చేతులతో పొట్లాలు కట్టే కూలీకి కూడా.

ఆహార కల్తీ నివారణ నియమాల్లోనే దీనిపై నిషేధం ఉంది. 2011లో ఆహార భద్రత నిబంధనలు దానిని కొనసాగించాయి. 2015లో హైదరాబాద్‌లోని ఉమ్మడి హైకోర్టు ఈ విషయాన్ని తనంతట తాను విచారణకు స్వీకరించింది. 2016లో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఇథిలీన్ వాయువును పది లక్షల వంతుల్లో 100 వంతుల వరకు వాడడానికి అనుమతించింది. మూసిన గదిలో ఉష్ణోగ్రత, తేమ, గాలి మార్పిడిని అదుపులో ఉంచుతూ ఇథిలీన్‌తో మాగబెట్టే గదులు అప్పటి నుంచి పెరిగాయి. అయితే ఇథిలీన్ కూడా ముదిరిన కాయనే మాగించగలదు. లేత కాయకు రుచి తేలేదు.

ఇక్కడ మనం మొదటి ప్రశ్నకు తిరిగి రావాలి. కార్బైడ్ వ్యాపారి దురాశ మాత్రమేనా? కాయ రైతు చేతిలో రెండు రోజులకు మించి ఆగదు. తోటను పూతలోనే గుత్తకు ఇచ్చిన రైతుకు కోత తేదీపై మాట ఉండదు. మాగబెట్టే గది మార్కెట్ దగ్గర ఉంటుంది, తోట దగ్గర కాదు. అంటే ఎదురుచూసే శక్తి ఈసారి కూడా రైతు దగ్గర లేదు. పాతర కాలంలో దేశ్‌ముఖ్ గాదె చేసిన పనిని నేడు నగర శివార్లలోని గది చేస్తోంది. పరికరం మారింది, సంబంధం అంతగా మారలేదు. రైతు ఉత్పత్తిదారుల సంఘాలు తోటల దగ్గరే సొంత గదులు కట్టుకున్న చోట మాత్రమే ఈ సంబంధం మారే అవకాశం కనిపిస్తుంది.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 2
అ) ధాన్యాన్ని, పండును ఒకే పద్ధతిలో ఎందుకు నిల్వ చేయలేం?
ఆ) కార్బైడ్‌కు, ఇథిలీన్‌కు చట్టం ఎందుకు వేర్వేరు స్థానం ఇచ్చింది?

7.8 సారాంశం

నిల్వ అంటే పంటను కాపాడడం ఒక్కటే కాదు, అమ్మే సమయాన్ని తన చేతిలో ఉంచుకోవడం కూడా. దక్కన్ రైతు పాతర, గుమ్మి, బూడిద, వేపాకులతో గింజను నిలిపాడు. కానీ అప్పు, శిస్తు, లెవీ ఆ గింజను అతని ఇంటి నుంచి తీసుకుపోయాయి. 1930 నుంచి వచ్చిన చట్టాలు తూకాన్ని, గిడ్డంగిని, రసీదును ఇచ్చాయి. చిన్న రైతుకు అవి కొంతవరకే అందాయి. పండ్ల విషయంలో శాస్త్రం ముచ్చిక నుంచి ఇథిలీన్ వరకు చాలా చెప్పింది. ఆ జ్ఞానం ఎవరి గదిలో పనిచేస్తుందన్నది ఇంకా తేలవలసిన ప్రశ్న.

7.9 క్షేత్ర కృత్యం

మీ ఊరిలో డెబ్బై ఏళ్లు దాటిన ఇద్దరిని, వారిలో ఒకరు స్త్రీ అయ్యేలా, కలవండి. పాతర ఎక్కడ ఉండేది, ఎవరిది, చివరిసారి ఎప్పుడు తెరిచారు, విత్తనాన్ని ఎవరు దాచేవారు అని అడిగి వారి మాటల్లోనే రాసుకోండి. పూడిపోయిన పాతర గుర్తులు ఉంటే స్థలాన్ని పటంలో గుర్తించండి. పత్రాలకు ఎక్కని ఈ చరిత్రకు వారి జ్ఞాపకమే ఆధారం. ఆలస్యం చేస్తే అది కూడా నిలవదు.

7.10 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు సుమారు 30 పంక్తుల్లో జవాబులు రాయండి.
1. నిల్వ శక్తికి, గ్రామీణ అధికారానికి గల సంబంధాన్ని ఉదాహరణలతో చర్చించండి.
2. 1930 నుంచి 2007 వరకు మార్కెట్, గిడ్డంగి చట్టాల పరిణామాన్ని వివరించండి.

II. ఈ కింది ప్రశ్నలకు సుమారు 10 పంక్తుల్లో జవాబులు రాయండి.
1. పాతర నిర్మాణం, పనితీరు
2. నాగు పద్ధతి
3. మామిడి, అవకాడో పండ్ల నిల్వలో చలి వల్ల కలిగే నష్టం